బల్లపరుపు ట్రాన్స్‌ఫార్మరులో శక్తి నష్టములు

విద్యుత్తును ఒక వోల్టేజి నుండి మరొక వోల్టేజికి మార్చు ఎలక్ట్రానిక్ సాధనములలో నేడు బల్లపరుపు ట్రాన్స్‌ఫార్మరులు విరివిగా వాడుకలోనున్నవి. వీనిలో గుండ్రని తీగకు బదులు సర్క్యూటు పలకపై అచ్చొత్తిన రాగి పొరలే చుట్లుగా పనిచేయును. ఎత్తు తక్కువ, వేడి వెలుపలికి పోవుట సులభము. అయినను నష్టమును ముందుగా లెక్కగట్టనిచో, సాధనము వేడెక్కిన పిమ్మట గాని దోషము కనబడదు. కావున ఆ లెక్క సాగు తీరును మనము పరిశీలింతము.

నష్టములు రెండు తావుల కలుగును. మొదటిది కోరు. ఇనుములో హిస్టరిసిస్ నష్టము అభివాహ సాంద్రత యొక్క 1.6వ ఘాతము ననుసరించి పెరుగునని 1892లో స్టైన్‌మెట్జ్ తెలిపెను. నేటి ఫెర్రైటు కోరులకు ఆ సూత్రమునే పౌనఃపున్యము చేర్చి వాడుదురు. సాంద్రతపై ఘాతము సామాన్యముగా 2కును 3కును నడుమ నుండును. ఘాతము 2.5 అనుకొన్నచో, సాంద్రత రెట్టింపైనప్పుడు నష్టము సుమారు 5.7 రెట్లగును. అయితే ఇందలి స్థిరాంకములు సైను తరంగముతో కొలిచినవి. కన్వర్టరులోని వోల్టేజియో చతురస్ర తరంగము. సాంద్రత మారు వేగమును క్షణక్షణము గణించు సవరించిన సూత్రము 2002లో వెలువడి, ఈ కొరతను చాలవరకు తీర్చినది.

రెండవది రాగి. పౌనఃపున్యము హెచ్చినకొలది విద్యుత్ప్రవాహము రాగి ఉపరితలమునకే పరిమితమగును. ఈ ప్రవేశపు లోతు రాగిలో 50 హెర్ట్జ్ వద్ద సుమారు 9.3 మి.మీ.; 500 కిలోహెర్ట్జ్ వద్ద 0.093 మి.మీ. మాత్రమే. పొర మందము 0.07 మి.మీ. అయినచో ఇక భయము లేదని తోచును. కాని ప్రక్క పొరల అయస్కాంత క్షేత్రము ఈ పొరలో సుడి ప్రవాహములను పుట్టించును. 1966లో డోవెల్ ఇచ్చిన పద్ధతిని బట్టి, ప్రైమరీ పొరలు నాలుగును ఒకచోట, సెకండరీ పొరలు నాలుగును ఒకచోట ఉంచినచో, 500 కిలోహెర్ట్జ్ వద్ద నిరోధము ఏకముఖ ప్రవాహమునకుండు నిరోధమునకు సుమారు ఒకటిన్నర రెట్లగును. అవే పొరలను ఒకటి విడిచి ఒకటిగా పేర్చినచో హెచ్చుదల సుమారు 3 శాతమే. రాగి అంతయే, మందము అంతయే. మారినది వరుస మాత్రమే.

అయితే ఈ పేర్పునకు మూల్యము కలదు: ప్రైమరీ, సెకండరీల నడుమ కెపాసిటెన్సు పెరుగును. మరియు డోవెల్ పద్ధతి క్షేత్రము పొరలకు సమాంతరమని భావించును. కోరులో గాలి సందు ఉన్నచోట క్షేత్రము వంగి రాగిలోనికి అడ్డముగా చొచ్చును. అచ్చట నష్టము లెక్కకు మించును. అట్టి తావున కంప్యూటరుపై క్షేత్ర గణనము చేయవలెను. రాగిని సందుకు దూరముగా నుంచవలెను.

విద్యార్థి మిత్రులారా! సూత్రము ఏ ఊహలపై నిలిచినదో ఎరిగి వాడువానికే అది ఉపకరించును. లెక్క ముగిసిన పిమ్మట కొలిచి చూచుట మరువరాదు.