గ్రామసభకు తోడుగా చేతిఫోను

పూర్వము గ్రామసభ జరుగు దినమును దండోరా వేయించి చాటెడివారు. ఆ చాటింపు వీధివీధికిని చేరెడిది. కాని వినినవారు అక్కడనే బదులు చెప్పుటకు వీలు లేకుండెడిది. నేడు పెక్కు గ్రామములలో ఆ పనిని వాట్సాప్ గ్రూపు కూడ చేయుచున్నది. ఇందు వినినవారును పలుకగలరు. దీనివలన పంచాయతీకి మేలు కలుగునా, చేటు కలుగునా యనునది సభ్యుల నడవడిపై ఆధారపడియున్నది.

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము ననుసరించి, గ్రామసభ యనగా పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న వారందరును. వీరు ఏటికి కొన్ని మారులు కూడినంతనే చాలదు. నడుమ దినములలో గూడ ఊరిపని తమదేయని వారికి తోచవలెను.

ఒక వార్డులో చేతిపంపు చెడినదనుకొందము. ఒక ఇల్లాలు ఆ సంగతిని గ్రూపులో తెలిపినది. వార్డు సభ్యుడు ఆనాడే, ‘గురువారము మెకానిక్కు వచ్చును’ అని వ్రాయవలెను. అతడు రానిచో కారణము తెలుపవలెను. పంపు బాగైన పిమ్మట దాని ఫొటోను, అయిన ఖర్చును పెట్టవలెను. అది చూచిన వారందరికిని నమ్మకము కలుగును. బదులు లేనిచో ఆమె మరల వ్రాయదు. క్రమముగా ఆ గ్రూపు శుభోదయపు బొమ్మలతోను, పార్టీ తగవులతోను నిండిపోవును.

కావున ప్రకటనలకు ఒక గ్రూపును, చర్చకు వేరొక గ్రూపును ఉంచుట మేలు. మొదటిదానిలో నిర్వాహకులు మాత్రమే వ్రాయునట్లు అమర్చవచ్చును. నిర్వాహకులలో ఒక మహిళా సభ్యురాలు తప్పక ఉండవలెను.

రెండవది లెక్కల సంగతి. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైటులో పంచాయతీ ప్రణాళికను, ఖర్చులను ఎవరైనను చూడవచ్చును. ఆ పుట చిరునామాను గ్రూపులో పెట్టి, ఏ పనికి ఎంత వ్యయమైనదో తేటతెలుగున వివరింపుడు. ‘ఈ కాలువ మా వీధిలో లేదే!’ యని ఎవరైన అడిగినచో కోపగింపకుడు. నమోదులో తప్పున్నచో ఆ ప్రశ్నయే దానిని బయటపెట్టును. అడుగకమునుపే వివరములు వెల్లడింపవలెనని 2005 నాటి సమాచార హక్కు చట్టము గూడ చెప్పుచున్నది. అయితే లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలను, బ్యాంకు ఖాతా సంఖ్యలను ఎన్నడును గ్రూపులో పెట్టరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. కూలికి పోవు స్త్రీకి ఫోను లేకపోవచ్చును. ఇంటిలో నున్న ఒక్క ఫోను కుమారుని చేతిలో నుండవచ్చును. వృద్ధునకు చదువు రాకపోవచ్చును. వీరందరును గ్రామసభ సభ్యులే. గ్రూపులో పదిమంది ‘సరే’ యన్నంత మాత్రమున అది గ్రామసభ తీర్మానము కాదు. అందుచేత దండోరాను, నోటీసు బోర్డును మానకుడు. గ్రూపులో వచ్చిన ప్రశ్నలను వ్రాసియుంచి, సభలో బిగ్గరగా చదివి, సమాధానములను మినిట్సు పుస్తకమున కెక్కింపుడు.

పంచాయతీ సభ్యులారా! రాబోవు గ్రామసభకు ముందు ఒక చిన్న లెక్క వేయుడు: గత నెలలో గ్రూపున ఎన్ని ప్రశ్నలు వచ్చినవి? ఎన్నిటికి బదులిచ్చితిరి? ఆ లెక్కను సభలో చదువుడు. తమ మాటకు విలువ కలదని యెరిగిన జనులు, పిలువకున్నను సభకు వత్తురు.