బడి పటం – ఎవరి చేతిలో ఉండాలి?

1999 ఏప్రిల్ 20న అమెరికాలో, కొలరాడో రాష్ట్రపు కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు కాల్పులు జరిపారు. పోలీసులు వచ్చారు గాని, లోపల ఏ గది ఎటుందో వాళ్ళకి సరిగా తెలియదు. గాయపడిన ఒక ఉపాధ్యాయుణ్ణి చేరేసరికి గంటలు గడిచాయి, ఆయన దక్కలేదు.

2003లో వాషింగ్టన్ రాష్ట్రం, 2022లో న్యూజెర్సీ ఇటువంటి భవనాల పటాలు ముందుగానే పోలీసులకు అందేట్టు చట్టాలు చేశాయి. ఈమధ్య వచ్చిన ఇలాంటి చట్టాల్లో కొన్ని పటం ఎట్లా ఉండాలో కూడా చెబుతున్నాయి. ఉత్తర దిక్కు చూపాలి, పైన గళ్ళు గీయాలి. మనం గ్రాఫు కాగితం మీద గుర్తించే ఎక్స్, వై అక్షాలే! లోపలున్న మాస్టారు “ఎడమవైపు మూడో గది” అంటే, వెనక గుమ్మంలోంచి వచ్చినవాడికి అది కుడివైపు. “డి-3 గడి” అంటే ఇద్దరికీ ఒకటే చోటు.

బడి అంతా తిరిగి చూసి పటాన్ని సరిపోల్చాలి కూడా. సర్వే పటంలో ఉండి నేలమీద లేని డొంకల సంగతి రైతుబిడ్డలకు నేను చెప్పనక్కరలేదు.

మరి పటం దుండగుల చేతిలో పడితే? ఆ భయంతోనే 2003 నాటి వాషింగ్టన్ చట్టం వాటిని బయటివారికి చూపనివ్వలేదు. మంచిదే. ఐతే కొలంబైన్‌లో కాల్చినవాళ్ళిద్దరూ ఆ బడి విద్యార్థులే. వాళ్ళకి పటంతో పనే లేదు.