బియాసీ నాటికి రా

ఆరంగ్,
వైశాఖ బహుళం.

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. రోజూ ఫోనులో మాట్లాడుకునేవాళ్లమే అయినా కాగితం మీద రాసి పంపావంటే సంగతి నీకు ఎంత ముఖ్యమో తెలిసింది. అందుకే నేనూ కాగితమే తీశాను.

ఆబర్డీన్‌లో నువ్వు అద్దెకుంటున్న ఇంటి పెద్దావిడ వాళ్ల నాన్న పొలం కబుర్లన్నీ ఆనాటి స్కాట్స్ మాటల్లోనే ఒక పుస్తకంలో రాసుకుంటోందని, అది చూశాక మన ఇంటి సంగతులు కూడా అలా రాయాలనిపించిందని అన్నావు. చిన్నప్పుడు ఆ భాష మాట్లాడితే బడిలో తోలుపట్టీతో అరచేతుల మీద కొట్టేవారని కూడా ఆవిడ చెప్పిందట. ఆ ముక్క చదివి చాలాసేపు ఊరకే కూర్చున్నాను. ఎందుకో తర్వాత చెబుతాను.

"ప్రశ్నలు రాసి పంపుతాను, జవాబులు చెప్పు" అన్నావు. వద్దు తల్లీ. బియాసీ అంటే ఏమిటో తెలియనిదానివి బియాసీ గురించి నన్నేం అడుగుతావు? నువ్వు అడిగినవాటికే నేను చెబితే అసలైనవి నాలోనే ఉండిపోతాయి. సెలవు దొరికితే వానాకాలంలో ఊరికి రా. హరేలీ పండగకు అటో ఇటో ఒక వారం ఉండేలా చూసుకో. ఇక్కడివాళ్ల లెక్కన అది సావన్ అమావాస్య, మన పంచాంగంలో ఆషాఢ అమావాస్య. తేదీ అడిగేటప్పుడు తికమక పడకు.

మా నాన్నది పార్వతీపురం పక్క పల్లె. 1931లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే విజయనగరం నుంచి రాయ్‌పూర్ దాకా లైను పూర్తి చేసింది. ఆ లైను పట్టుకునే చాలా ఏళ్ల తర్వాత నాన్న ఇటు వచ్చి, ఆరంగ్ మహానది స్టేషను దగ్గర గ్యాంగులో చేరాడు. మొదటి వానాకాలంలో ఒకరోజు పట్టాల వెంట నడుస్తూ ఉంటే, పక్క పొలంలో ఒక రైతు జానెడు మించిన పచ్చటి పైరు మీద నాగలి తోలుతున్నాడట. నాన్న గుండె ఆగిపోయినంత పనైంది. కట్ట దిగి పరుగెత్తుకెళ్లి, "పైరు మీద నాగలేమిటయ్యా!" అని తెలుగులోనే అరిచాడు. ఆయనకు మాట తెలియలేదు కానీ భయం తెలిసింది. నవ్వి, మేడి నాన్న చేతికిచ్చాడు.

అదే బియాసీ. మనవైపు ఆకుమడి పోసి ఉభాలు చేస్తాం. ఇక్కడ తొలకరికి ముందో వెనకో పొలంలో విత్తనం చల్లేస్తారు. నెల గడిచి, మడిలో వాన నీళ్లు నిలిచాక, ఆ నిలువు పైరులోనే సన్నటి నాగలితో దున్నుతారు. కలుపు బురదలోకి పోతుంది. పైరూ కొంత పోతుంది. మిగిలింది వేరు కదిలి, గాలి తగిలి పిలకలు వేస్తుంది. తర్వాత ఆడవాళ్లు దిగి ఒత్తుగా ఉన్నచోట పీకి పలచగా ఉన్నచోట గుచ్చుతారు. దాన్ని చలాయీ అంటారు. నీ పుస్తకంలో "బియాసీ: పైరులో దున్నడం" అని రాసుకుంటే అయిపోదమ్మా. పాదం దించినప్పుడు పైన నీళ్లు ఎండకు వెచ్చగా, అడుగున బురద చల్లగా ఉంటుంది. వరి ఆకులు పిక్కలకు రాసుకుని సాయంత్రానికి సన్నగా మంట పుడుతుంది. ఆ మంటతో ఇంటికొచ్చిన మనిషి ఆ పూట ఏం మాట్లాడుతుందో విను. అది రాసుకో.

మేడి ఇచ్చిన ఆ రైతు కూతురే నా మహాప్రసాద్. నాకు ఎనిమిదేళ్లు, తనకు తొమ్మిది. పూరీ నుంచి తెచ్చిన జగన్నాథుడి ఎండు ప్రసాదం ఒకరి నోట్లో ఒకరం పెట్టుకుని, పెద్దల ముందు మితానిన్‌లమయ్యాం. ఆ బంధం కట్టుకున్నాక పేరు పెట్టి పిలవకూడదు. "మహాప్రసాద్" అనే పిలవాలి. వాళ్లమ్మ నాకు అమ్మే, మా అమ్మ తనకు అమ్మే. చావుకైనా పెళ్లికైనా ఒకరి గడపలో ఒకరం ఉండాలి. కులం అడ్డు రాలేదు, భాష అడ్డు రాలేదు. అరవై ఏళ్లు దాటింది, నేనింతవరకు తన పేరు నోటితో అనలేదు. ఈ ఉత్తరంలోనూ రాయను. నువ్వు ఇంటింటికీ వెళ్లి ముందుగా పేర్లు అడిగి రాసుకుంటావేమో, తన దగ్గర మాత్రం అడగకు. "అమ్మమ్మ మహాప్రసాద్" అనే రాసుకో.

మా అమ్మకు ఛత్తీస్‌గఢీ రాదు, వాళ్లమ్మకు తెలుగు రాదు. ఇద్దరినీ కలిపింది చద్దన్నం. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచితే పొద్దుటికి బాసీ. అప్పుడే వండిన అన్నంలో నీళ్లు పోస్తే అది బోరే. ఈ రెండింటికీ తేడా తెలియకుండా మాట్లాడితే ఇక్కడ పిల్లలు కూడా నవ్వుతారు. కంచు బటకీలో బాసీ, ఒక ఉల్లిపాయ, పచ్చిమిరప, చెంచ్ భాజీ. అమ్మ ఒకరోజు చోడి అంబలి చెంబుతో పట్టుకెళితే, వాళ్లమ్మ ఒక గుక్క తాగి, లోపలికెళ్లి కోదో అన్నం తెచ్చి చూపించిందట. కోదో అంటే మన అరికెలు. "ఇద్దరం ఒకే తిండి తిన్న బీదవాళ్లం" అని అమ్మ ఎప్పుడూ అనేది. ఆ ఇంట్లో పండక్కి చేసే ఐర్సా మన అరిసెకు అక్కచెల్లెలే. భాద్రపదం ముందు అమావాస్యకు వాళ్లు ఎద్దులను అలంకరించి, పిల్లలకు మట్టి ఎద్దులిచ్చి, ఠేఠరీ ఖుర్మీ వండి పోలా అంటారు. అదే రోజు మా అమ్మ ఇంట్లో కంద మొక్కకు పోలాల అమావాస్య పూజ చేసుకునేది. ఒక గోడకు అటు ఎద్దు, ఇటు కంద. నాకు రెండు ప్రసాదాలూ దక్కేవి.

వాళ్లింట్లో ధాన్యం దాచిన కోఠీ గురించి మహాప్రసాద్‌నే అడుగు, కానీ నేను చూసింది కూడా చెబుతాను. మట్టిలో వరిగడ్డి, ఊక కలిపి తొక్కి, చేత్తో ఒక వరస పెట్టి ఎండనిచ్చి, దాని మీద ఇంకో వరస. అలా మనిషెత్తు లేచేది. ఒక్క వరస తొందరపడినా పగులు వస్తుంది. అడుగున పిడికిలి పట్టేంత కన్నం, దానికి గుడ్డ బిరడా. ధాన్యం కావాలంటే బిరడా లాగితే చాలు, గరగరమని చప్పుడు చేస్తూ చేటలోకి జారేది. ఆ చప్పుడు సన్నబడిందంటే ఇంట్లో మాటలు కూడా తగ్గిపోయేవి. వానలు తప్పిన ఏడాది, పుష్య పూర్ణిమకు ఛేర్‌ఛేరా అని పిల్లలం సంచులు పట్టుకుని ఇంటింటికీ ధాన్యం అడగబోతే, మహాప్రసాద్ తల్లి కన్నంలోకి మోచేయి దాకా చెయ్యి పెట్టి గీకి గీకి నాకో దోసెడు తీసింది. ఆ రోజు ఎవరినీ ఉత్త చేతులతో పంపకూడదని నియమం. ఆవిడ చేతికి అంటిన మట్టి నా సంచిలో గింజలకు కూడా అంటింది.

ఇక్కడ ధాన్యం కొలత కాఠా. ఇరవై కాఠాలు ఒక ఖండీ, ఇరవై ఖండీలు ఒక గాడా. మనకు ఇరవై తూములు పుట్టి అయినట్టే. మహాప్రసాద్ వాళ్ల నాన్న కొలిచేటప్పుడు మొదటి కాఠాను ఒకటి అనకుండా "రామ్" అనేవాడు. మా తాత పార్వతీపురం కళ్లంలో మొదటి కుంచాన్ని "లాభం" అనేవాడు. ఒకటి అంటే అక్కడితో అయిపోతుందని ఇద్దరికీ భయం కాబోలు.

ఇప్పుడు ఆ తోలుపట్టీ సంగతి. నేను చదివిన బడిలో ఒక మాస్టారు పాఠం అడిగితే, నోటికి ముందు వచ్చిన ఛత్తీస్‌గఢీలో జవాబు చెప్పాను. జవాబు సరైనదే. "పల్లెటూరి కూతలు బయట పెట్టుకో" అని బెత్తంతో రెండు చేతుల మీదా కొట్టారు. తెలుగింటి పిల్లను, నాది కాని భాష కోసం దెబ్బలు తిన్నాను. ఆ దెబ్బతోనే అది నాది అయిందని ఇప్పుడనిపిస్తోంది. అప్పుడు మాత్రం సిగ్గే మిగిలింది. ఆ సిగ్గును నేను మీ అమ్మకు అంటగట్టాను. మహాప్రసాద్ ఇంట్లో ఆడుకుని వచ్చి మీ అమ్మ "మోలా భూఖ్ లాగత్ హే" అంటే, "సరిగ్గా మాట్లాడితేనే అన్నం" అన్నాను. ఒక్కసారి కాదు, ఏళ్ల తరబడి. మీ అమ్మకు హిందీ వచ్చింది, ఇంగ్లీషు వచ్చింది, తెలుగు కూడా నిలిచింది. ఛత్తీస్‌గఢీ పోయింది. ఇవాళ మహాప్రసాద్ ఏదైనా చెబితే మీ అమ్మ నవ్వుతూ తల ఊపుతుంది, సగం అర్థం కాదు. అది నేను చేసిన పని. నువ్వు రాసే పుస్తకంలో దీన్ని దాచకు. బెత్తం గురించి రాసి, నా గురించి రాయకపోతే అది అబద్ధమవుతుంది.

2011 జనాభా లెక్కల్లో 1 కోటి 62 లక్షల మంది తమ మాతృభాష ఛత్తీస్‌గఢీ అని చెప్పారు. వాళ్లందరినీ హిందీ కిందనే వేశారు. 2007లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఈ భాషను రాజభాషగా ఒప్పుకుంది, నవంబరు 28న పండగ కూడా చేస్తున్నారు. నాకు సంతోషమే. కానీ వేదిక మీది భాష వేరు, బియారాలో ధాన్యం నూర్చేటప్పటి భాష వేరు. రెండోదాని కోసమే నిన్ను రమ్మంటున్నాను. మన గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకో. పర్లాకిమిడిలో సవర వాళ్లను ఇంట్లో పెట్టుకుని వాళ్ల భాష వాళ్ల నోటి వెంటే నేర్చుకున్నారు. వాళ్లకు వ్యాకరణం నేర్పబోలేదు, వాళ్ల దగ్గర శిష్యరికం చేశారు. నువ్వూ అలాగే కూర్చో.

రాసేటప్పుడు మాట నలిగి ఉంటే నలిగినట్టే రాయి, ఇస్త్రీ చేయకు. ఎవరైనా "నాగర్" అంటే నువ్వు "హల్" అని హిందీలోకి మార్చి రాయకు. నేల గురించి చెబితే "నల్లనేల" అని ఊరుకోకు. ఇక్కడి రైతులకు కన్హార్ వేరు, డోర్సా వేరు, మటాసీ వేరు, మెట్ట మీది ఎర్ర భాటా వేరు. ఏ నేలలో ఏ ధాన్యమో అడుగు. గుర్మటియా, సఫ్రీ, లుచయీ, దూబరాజ్, ఇవన్నీ వరి రకాలే. రాయ్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 23 వేలకు పైగా వరి రకాలు చల్లటి గదుల్లో దాచారు. వాటిలో చాలా భాగం డాక్టర్ రిఛారియా ఊరూరా తిరిగి కూడబెట్టినవి. గింజ భద్రంగా ఉంది, ఎంతో మేలు. కానీ ఫలానా ధాన్యం బాలింతకు వండాలని, ఫలానాది బాసీకి బాగుంటుందని తెలిసిన నోళ్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఇప్పుడు కోత మిషను నుంచి ట్రాక్టర్లోకి, ట్రాక్టర్ నుంచి సొసైటీకి ఎకరాకు 21 క్వింటాళ్ల లెక్కన ధాన్యం వెళ్లిపోతోంది. రైతు చేతిలో డబ్బు పడుతోంది, దాన్ని నేను తప్పు పట్టను. ఆ తల్లి మోచేయి దాకా గీకిన రోజులు మళ్లీ రాకూడదు. ఇంట్లో కోఠీ లేదు కాబట్టి కోఠీ మాటలూ లేవు, అంతే.

ఇంకొక్కటి. ఊరి పేరు గురించి ఎవరో ఒకరు నీకు కథ చెబుతారు. మోరధ్వజ్ రాజు దగ్గరకు కృష్ణుడు సాధువేషంలో సింహాన్ని తీసుకొచ్చి, కొడుకు తామ్రధ్వజ్‌ను రంపంతో కోసి పెట్టమన్నాడని, ఆరా అంటే రంపం కాబట్టి ఊరు ఆరంగ్ అయిందని. మన జైమిని భారతం కథలో మయూరధ్వజుడు తన శరీరాన్నే కోయించుకుంటాడు. నేను చిన్నప్పుడు మహాప్రసాద్ వాళ్ల అవ్వతో "మీరు తప్పు చెబుతున్నారు" అని వాదించాను. ఆవిడ నా తల నిమిరి, "మీ రాజు మీకు, మా రాజు మాకు" అంది. నువ్వు ఎవరి కథనూ సరిదిద్దకు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాసుకో, ఎవరు ఏ అరుగు మీద కూర్చుని చెప్పారో కూడా రాసుకో.

మహాప్రసాద్‌కు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడివైపు కూర్చో. మధ్యాహ్నమైతే కునుకు తీస్తుంది, తెల్లారి తొమ్మిదిలోపు వెళ్లు. ఫోనులో రికార్డు చేస్తానని ముందే అడుగు, అడగకుండా పెట్టకు. ఊరికే ఎదురుగా కూర్చుంటే ఏమీ చెప్పదు, ఏదో ఒక పని అందుకో. భాజీ ఏరుతుంటే నోరు విప్పుతుంది. నీకు భాష రాదని సిగ్గుపడకు, వచ్చీరాని మాటలే మాట్లాడు. మా నాన్న పొలంలో తెలుగులో అరిచాడు, ఆయనకు మేడి దొరికింది.

నిన్న వెళ్లి నువ్వు వస్తావని చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత అటక మీంచి వాళ్లమ్మ కంచు బటకీ దింపించి, చింతపండు పెట్టి తనే తోముతూ కూర్చుంది. "నోనీ బాసీ తింటుందా?" అని నీ గురించి అడిగింది. తింటుందని చెప్పాను.

మీ అమ్మమ్మ