అడవి పందెమునకు క్వాడు బండిని సిద్ధపఱచుట

ఈ పాఠశాలలో చదువు ముగించి, కాలక్రమమున అమెరికా దేశములోని ఒహాయో రాష్ట్రమున నుద్యోగములలో జేరిన మే మిద్దఱము సెలవు దినములలో నొక వింత యాటకు లోబడితిమి. నాలుగు చక్రముల మోటారుబండి నెక్కి అడవులలో బడి పరుగెత్తు పందె మది. సంచికకు వ్యాస మొకటి పంపుడని మమ్ము గోరగా, మా చేతులకు మసి యంటిన విషయమును గూర్చి వ్రాయుటయే మేలని తోచినది. యంత్రములయం దభిరుచి గల పై తరగతుల విద్యార్థులను మనసులో నుంచుకొని యిది వ్రాయుచున్నాము.

ఈ బండిని క్వాడు అందురు. మోటారుసైకిలుమీద వలెనే ఇరువైపుల కాళ్లు వేసికొని కూర్చుండి, చేతిపిడితో ద్రిప్పుచు నడుపుదురు. గాని చక్రములు నాలుగు. మన దేశమున విహారస్థలములలో అద్దెకు ద్రిప్పెడు చిన్న క్వాడులను మీలో గొందఱు చూచియే యుందురు. మొదట నీ జాతి బండ్లకు మూడే చక్రము లుండెడివి. హోండా కంపెనీవారు అట్టివానిని 1970లో అమెరికాలో నమ్మజొచ్చిరి. మూడు చక్రముల బండి మలుపులో సులభముగ దొరలును. ప్రమాదములు పెచ్చుపెరుగగా, 1988లో ప్రభుత్వముతో గుదిరిన యొడంబడిక ననుసరించి కంపెనీలవారు వాని యమ్మకమును మానుకొనిరి. అప్పటికే నాలుగు చక్రములవి వచ్చి యుండెను గనుక ఆట మాత్రము నిలువలేదు.

అచ్చట నీ పందెములలో ముఖ్యమైనది గ్రాండ్ నేషనల్ క్రాస్ కంట్రీ అను పందెముల వరుస. వెస్ట్ వర్జీనియా రాష్ట్రములోని డేవిస్ అను చిన్న యూర 1975లో నారంభమైన బ్లాక్‌వాటర్ 100 అను పందెము దీనికి మూలములలో నొకటి. ఈ వరుసలో త్రోవ యెనిమిది మొదలు పండ్రెండు మైళ్ల చుట్టుగా నుండును. పెద్దల క్వాడు పందెము రెండు గంటలు. పోటీదారులు వరుసలు దీఱి, ఇంజనుల నాపి నిలుతురు. జెండా యూపిన పిదపనే ఇంజను నడిపించుకొని పోవలెను. కావున మంచి బ్యాటరీ లేనివాని పందెము అచ్చటనే ముగియుటయు గలదు. అటుపిమ్మట పచ్చికబయళ్లు, చెట్ల నడుమ నిఱుకు దారులు, వేళ్లు, రాళ్లు, వాగులు, చక్రము మునుగు బురద, ఇవి యన్నియు నొక్క చుట్టులోనే యెదురగును.

దుకాణమున దొరకు పందెపు క్వాడు ఏ పనికొఱకు నిర్మింపబడినదో ముందుగా దెలిసికొనవలెను. యమహా కంపెనీవారు 2009 నమూనాగా విడుదల చేసిన వై.ఎఫ్.జెడ్. 450 ఆర్ అను బండిని దీసికొందము. ఇంజను పరిమాణము 449 ఘన సెంటీమీటర్లు. పెట్రోలు నూనెలతో గూడ బరువు సుమారు 184 కిలోలు. వెడల్పు 48.8 అంగుళములు. ఇది మోటోక్రాస్ అను వేఱొక పందెమును మనసునం దుంచుకొని చేసిన బండి. ఆ పందెములో మట్టిగుట్టలపై నెగురుచు దుముకుచు సుమారు 20 నిమిషములు పరుగెత్తిన జాలును. అచ్చట చెట్లు లేవు. బండికి వెడల్పెక్కువైనకొలది మలుపులో నిలకడ యెక్కువ. అడవిలోనో, రెండు చెట్ల నడుమ దూఱ లేనివానికి ఆ నిలకడ యేల?

ఈ మాట మేము డబ్బు పోగొట్టుకొని నేర్చికొంటిమి. మేము కొన్న పాత బండికి మొదట జేసిన ఖర్చు క్రొత్త సైలెన్సరు. కూడబెట్టిన సొమ్ములో మూడవవంతు దానికే పోయెను. చప్పుడు మాత్రము సింహగర్జనమే. తొలి పందెమున రెండవ చుట్టులో నొక మోడు ముందు టైరు ప్రక్కగోడను నిలువున జీల్చినది. మాలో నొకడు బండిని మైలున్నర దూరము బురదలో ద్రోసికొనుచు వచ్చుచుండగా, మా యింజనుకంటె బలహీనమైనవి గల బండ్లెన్నో ప్రక్కనుండి సాగిపోయినవి. ఆనాటినుండి మా లెక్క మాఱినది. బండిని ఆపివేయగల లోపములకు మొదట ధనము. వేగము నిచ్చు సొగసులకు మిగిలినచో.

వెడల్పు సంగతి మొదట జూతము. యమహావారే 2010 నమూనాగా అడవి పందెములకొఱకు వై.ఎఫ్.జెడ్. 450 ఎక్స్ అను బండిని సుమారు 46 అంగుళముల వెడల్పుతో జేసిరి. భేదము మూడంగుళములకు లోపే. చెట్టు బెరడున కంటీ యంటకుండ బోవుటకును, చక్రము చెట్టును గొట్టి చేతిపిడి మణికట్టును మెలిపెట్టుటకును గల భేద మంతియే. వెనుక యాక్సిలును, ముందు చక్రములను బట్టియుండు త్రికోణపు చేతులను పొట్టివానిగా మార్చినచో వెడల్పు తగ్గును. అంత ధనము లేనివారు చక్రపు ఱేకుల లోతును మార్చి కొంత తగ్గించుకొనవచ్చును. వెడల్పు తగ్గించినపుడు బండి యెత్తును గూడ కొంచెము దింపవలెను. లేనిచో మలుపులో లోపలి చక్రము లేచును.

తరువాతివి కవచములు. ఇంజను పొట్టక్రింద నొక దళసరి ఱేకు, వెనుక చైను చక్రమునకును బ్రేకు పళ్లెమునకును అడుగున వేఱొకటి, ముందు చేతుల క్రింద రెండు. అల్యూమినియముతో జేసినవి గలవు. గట్టి ప్లాస్టికువి రాళ్లపై సులభముగ జాఱునని చాలమంది మెత్తురు. వీనికంటె ముఖ్యమైనవి ప్రక్కకమ్ములు. ముందు వెనుక చక్రముల నడుమ నిరువైపుల నుండు ఈ కమ్ములకు గట్టి వల బిగించి యుందురు. పాదము జాఱినపుడు అది వెనుక చక్రము క్రిందికి బోకుండ ఆ వల యాపును. ప్రక్కబండి చక్రము మన చక్రముల నడుమ జిక్కుకొనకుండ ఆ కమ్మి యాపును. ఇది లేని బండితో పందెమునకు బోరాదు.

టైరుల విషయమున కొంచెము నిలువవలెను. క్వాడు టైరులో గాలి మిక్కిలి తక్కువ. చదరపు అంగుళమునకు నాలుగైదు పౌండ్లు మాత్రమే. ఆ మెత్తదనముచేతనే అది వేళ్లను రాళ్లను గౌగిలించుకొని పట్టు నిచ్చును. ఆ మెత్తదనముచేతనే రాయి తగిలినపుడు చక్రపు అంచునకును రాతికిని నడుమ నలిగి తెగును. కావున బండితో వచ్చిన పలుచని టైరులను దీసి, ఆఱు పొరల బలము గలవానిని వేయుదురు. గాలి యొక పౌను పెంచుదురు. ఇంక ముందుకు బోయి టైరులోపల గాలి నింపిన చిన్న బంతులను వరుసగా నమర్చువారు గలరు. ఒక బంతి పగిలినను తక్కినవి బరువు మోయును గనుక చీలిన టైరుతోనే పందెము ముగింపవచ్చును. బరువెక్కువ, ధర యెక్కువ. అయినను మైలున్నర బండిని ద్రోసినవానికి ఆ ధర యధికమని తోచదు. వెలుపలి యంచున ఉక్కువలయము గల గట్టి చక్రములు వేసిన నింకను మేలు.

స్ప్రింగులు, వాని నడుమ నూనెతో బనిచేయు షాకులు విద్యార్థులకు మంచి పాఠము. బండిని పీటపై నెత్తి, చక్రములు నేల విడిచినపుడు వెనుక యాక్సిలునుండి పైన నొక గుఱుతువఱకు గొలువుడు. పిదప దింపి, నడుపువాడు శిరస్త్రాణము, బూట్లు, నీటిసంచి మొదలగున వన్నియు ధరించి కూర్చుండగా మఱల గొలువుడు. ఆ రెంటి భేదమే బండి క్రుంగిన కొలత. అది చక్రపు మొత్తము కదలికలో సుమారు మూడవవంతుండవలెను. వెనుక చక్రము 11 అంగుళములు కదలునదైనచో మూడున్నర యంగుళముల ప్రాంతమున్న సరి. ఎక్కువ క్రుంగినచో స్ప్రింగుపై నున్న వలయమును బిగింపవలెను. ఎంత బిగించినను చాలనిచో ఆ స్ప్రింగు ఆ మనుష్యునికి దగదు. కార్ఖానావారు సామాన్యమైన యొక బరువు నూహించి స్ప్రింగు వేయుదురు. మాలో నొకని బరువు 58 కిలోలు. రెండవవాడు తన సంఖ్య నచ్చువేయవలదని ప్రార్థించెను. మే మిద్దఱము ఒక్క బండినే మార్చి మార్చి నడుపబూని, ఎవరికిని సరిపడని బండిని ఆఱు నెలలు భరించితిమి.

షాకుపై నున్న మఱలలో నొకటి అణగు వేగమును, వేఱొకటి తిరిగి లేచు వేగమును అదుపుచేయును. దూకుటకు జేసిన బండి అణగుటలో బిగువుగా నుండును. వేళ్లపై ఆ బిగువు నేరుగ నడుమునకు దగులును. కావున చిన్నచిన్న దెబ్బలకు మెత్తగా నణగునట్లు వదులు చేయవలెను. లేచుట మిక్కిలి మెల్లనైనచో, వరుస వేళ్లపై చక్రము పూర్తిగా లేవకమునుపే మఱియొక దెబ్బ తగిలి బండి క్రమక్రమముగా నేలకంటుకొనును. ఒక్కసారి కొక్క మఱనే మార్చి, త్రిప్పిన మెట్టును పుస్తకమున వ్రాసికొనవలెను. వ్రాయనివాడు రెండు వారములలో ఎక్కడనుండి బయలుదేఱెనో మఱచును. చేతిపిడి క్రింద నమర్చు కుదుపు తగ్గించు చిన్న నూనెయంత్రము గూడ కొనదగినదే. మొద్దు తగిలినపుడు పిడి చేతులనుండి తటాలున గుంజుకొని పోకుండ నది పట్టి యుంచును.

గేరుల సంగతి లెక్కల తరగతిలోనిదే. చైనుకు ముందు చక్రమున 14 పండ్లు, వెనుక చక్రమున 38 పండ్లు గలచో నిష్పత్తి 2.71. ముందు పండ్లను 13 చేసినచో 2.92. అనగా ప్రతి గేరులో లాగుబలము సుమారు నూటికి 8 వంతులు పెరుగును, తుదివేగ మంతియే తగ్గును. ముందు మార్చక వెనుకనే అంత భేదము తేవలెనన్న 41 పండ్ల చక్రము కావలెను. అడవిలో తుదివేగమును జేరు చోట్లు మిక్కిలి తక్కువ. బురదలో మెల్లగా బోవునపుడు క్లచ్చిని మాటిమాటికి నొక్కి కాల్చుటకంటె ఈ మార్పు చౌక.

మెల్లగా బోవు బండికి గాలి తగులదు, రేడియేటరుకు బురద పట్టును, ఇంజను కాగును. రేడియేటరు ముందు తీసి కడుగుటకు వీలైన జాలి నమర్చుట మొదటి పని. రెండవది దాని మూత. వాతావరణ పీడనమునకు దోడు మఱియొక వాతావరణ పీడనము చేర్చి మూసినచో నీరు సుమారు 120 డిగ్రీల సెంటిగ్రేడువఱకు మరుగదు. వంటయింటి ప్రెషరు కుక్కరులోని సూత్రమే యిది. అట్లే ఇంజను ఊపిరి గొట్టముల కొసలను చేతిపిడి క్రిందివఱకు ఎత్తి కట్టవలెను. లేనిచో వాగులో దిగినపుడు వేడి యింజను చల్లబడి నీటిని లోనికి బీల్చును. గాలిపెట్టె మూతను వేగము కొఱకు దీసివేయువారు గలరు. బురదదారిలో అది తెలివితక్కువ పని యని మా యభిప్రాయము. స్పంజి వడపోతకు నూనె పట్టించి, అంచులకు గ్రీజు పూసి, మూత యుంచవలెను.

పైన జెప్పిన బండి పెట్రోలు తొట్టి 10 లీటర్లది. రెండు గంటలు గట్టిగా నడిపిన నది చాలునో లేదో ముందుగా గడియారము పెట్టుకొని పరీక్షింపవలెను. చాలనిచో పెద్ద తొట్టియో, నడుమ నాగి నింపుకొను నేర్పాటో కావలెను. ఇంజనులోని మార్పులను గూర్చి యెక్కువ చెప్పము. సైలెన్సరు మార్చినచో ఇంధనము పాళ్లను గూడ సరిచేయింపవలెను. లేనిచో గాలి యెక్కువై ఇంజను కాలును.

మణికట్టునకు గట్టుకొను త్రాటిని మఱువరాదు. నడుపువాడు పడినచో త్రాడూడి యింజను ఆగును. వాన వెలిసిన యొక దినమున మాలో బరువు తక్కువవాడు మిట్ట నెక్కుచుండగా బండి వెనుకకు దొరలెను. అతడు క్రిందబడిన క్షణముననే ఇంజను ఆగెను, చక్రము నిలిచెను. అది తిరుగుచునే యుండినచో అతని మోకా లేమగునో యిప్పటికిని తలచుకొన నిచ్చగింపము. పెద్దలకై చేసిన క్వాడును 16 సంవత్సరములు నిండనివారు నడుపరాదని అమెరికాలో బండిమీదనే హెచ్చరిక యంటించి యుందురు. మీలో నెవరైన విహారస్థలమున నెక్కబోవునపుడు ఆ పంక్తిని వెదకి చదువుడు.

పందెమునకు ముందు రాత్రి ప్రతి మఱను ముట్టి చూడవలెను. యాక్సిలు నట్టు, చక్రపు నట్లు, ప్రక్కకమ్ముల బోల్టులు ముఖ్యము. మఱ వదులుకాకుండ పట్టు జిగురుద్రవమును వీనికి వాడుదురు. రంగుతో నట్టుమీదుగ నొక గీత గీసినచో, గీత విఱిగిన నట్టు కదలినదని చూపుతోనే తెలియును.

పందెమైన పిదప ఎంత యలసినను బండిని నాడే కడుగవలెను. ఎండిన బురద మఱునాటికి సిమెంటువలె నగును. నీటిధారను బేరింగులపై సూటిగా గొట్టరాదు. వడపోతను మార్చి, వేడి యుండగానే ఇంజను నూనెను దించవలెను. దిగు రంధ్రపు బిరడాకు అయస్కాంతమున్నచో దానిపై నల్లని యినుపపొడి కొంత యుండును. దానిని రెండు వ్రేళ్ల నడుమ నలిపి చూడుడు. పిండివలె మెత్తగా నున్నచో తుడిచి, బిరడా బిగించి, క్రొత్త నూనె పోయవచ్చును. గఱకుగా పలుకులు తగిలినచో పై వారము పందెము మాట మాని గేరుపెట్టెను విప్పవలసినదే.