ఒడియా పాపకు తెలుగు కొలబద్దా?

ప్రశ్న: నాచారం పారిశ్రామికవాడ పక్క బస్తీలో అంగన్‌వాడీ టీచర్‌ని. ఒడిశా నుంచి వచ్చిన కూలీల పిల్లలు రంగుల పేర్లు అడిగితే నోరు విప్పరు. వెనకబడినట్టేనా?
– ఉప్పల్ పాఠకురాలు

జవాబు: అలా రాసెయ్యకండమ్మా. మీరు కొలిచింది వాళ్ల తెలుగును, ఎదుగుదలను కాదు. అదే ప్రశ్న వాళ్లమ్మ చేత ఒడియాలో అడిగించండి, వచ్చిన జవాబే నమోదు చేయండి.

అదే నడకకైతే భాష అడ్డు రాదు. భారత్ సహా 5 దేశాల పిల్లల్ని గమనించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్క ప్రకారం, ఆసరా లేకుండా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే. పక్కింటి బిడ్డతో పోల్చి ఏ తల్లినీ బెదరగొట్టొద్దు. 18 నెలలు నిండినా నడవకపోతే, పిలిచినా తిరిగి చూడకపోతే, ఇంటి భాషలోనూ మాటలు రాకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందానికి చూపించండి.