హిమసాగరాలలో ప్రాణిలోకం
దక్షిణ ధ్రువ ద్వీపాల నౌకాయాత్ర – కొన్ని పాఠాలు

ప్రపంచ పటంలో దక్షిణ అమెరికా ఖండపు కొననుండి తూర్పు దిశగా చూపు సారిస్తే, విశాలమైన నీలివర్ణం మధ్య ఒక సన్నని వంకర గీత కనిపిస్తుంది. అదే దక్షిణ జార్జియా ద్వీపం. దాని పొడవు సుమారు 165 కిలోమీటర్లు. దానిలో సగానికి పైగా భాగాన్ని హిమానీనదాలు కప్పివేశాయి. 2,900 మీటర్లకు మించిన ఎత్తుగల పర్వతశిఖరం అక్కడ సముద్రతీరానికి చేరువలోనే నిలిచి ఉంది. శాశ్వత నివాసులెవ్వరూ లేరు; కొద్దిమంది అధికారులు, శాస్త్రజ్ఞులు మాత్రమే వంతులవారీగా వచ్చి పనిచేస్తారు. పరిపాలన బ్రిటన్ చేతిలో ఉన్నది. అర్జెంటీనా కూడా ఆ ద్వీపం తనదే అంటున్నది. విమానాశ్రయం లేని ఈ ద్వీపాన్ని చేరడానికి నౌక తప్ప వేరు సాధనం లేదు.

అయినప్పటికీ ప్రతి సంవత్సరం నవంబరు మొదలు మార్చి వరకు, అనగా ఆ ప్రాంతపు వేసవికాలంలో, ప్రపంచం నలుమూలల నుండి యాత్రికులు ఇక్కడికి వస్తున్నారు. వారు వచ్చేది దేవాలయాలనో, కోటలనో చూడడానికి కాదు. మనిషిని చూచి పారిపోవడం నేర్వని ప్రాణులను దగ్గరగా చూడడానికి వారు వస్తారు. ఈ యాత్రల కథ వినోదానికి మాత్రమే పరిమితమైనది కాదు. ప్రకృతిని మానవుడు ఎంత త్వరగా నాశనం చేయగలడో, ఎంత కష్టపడి కొంతమేరకు సరిదిద్దగలడో తెలిపే పాఠం అందులో ఉన్నది.

యాత్రామార్గం

సాధారణంగా నౌకలు అర్జెంటీనా దక్షిణ తీరంలోని ఉషువాయా రేవునుండి బయలుదేరుతాయి. ముందుగా ఫాక్‌లాండ్ ద్వీపాలు, అక్కడినుండి రెండు మూడు రోజుల ప్రయాణం తరువాత దక్షిణ జార్జియా, ఆ పైన దక్షిణ షెట్లాండ్ ద్వీపాలు, చివరకు అంటార్కిటికా ద్వీపకల్పం – ఇది ప్రసిద్ధమైన మార్గం. తిరుగు ప్రయాణంలో సుమారు 800 కిలోమీటర్ల వెడల్పుగల డ్రేక్ జలసంధిని దాటవలసి ఉంటుంది. ఆ అక్షాంశాలలో గాలులను అడ్డగించే భూభాగం ఏదీ లేనందున అలలు కొండలవలె లేస్తాయి.

ఫాక్‌లాండ్ దాటిన కొంతసేపటికి గాలి హఠాత్తుగా చల్లబడుతుంది; పొగమంచు కమ్ముకొంటుంది. ధ్రువప్రాంతపు అతిశీతల జలాలు ఉత్తరాన ఉన్న వెచ్చని జలాలను కలుసుకొని వాటి క్రిందికి జారిపోయే చోటు ఇదే. దీనిని అంటార్కిటిక్ సంగమరేఖ అంటారు. ఈ రేఖకు దక్షిణంగా లోతునుండి పైకి వచ్చే పోషకపదార్థాల వలన సూక్ష్మమైన సముద్ర శైవలాలు విస్తారంగా పెరుగుతాయి. వాటిని తిని, ఆరు సెంటీమీటర్ల పొడవు వరకు పెరిగే క్రిల్ అనే రొయ్యవంటి జీవి జీవిస్తుంది. పెంగ్విన్‌లు, సీల్‌లు, సముద్రపక్షులు, నీలి తిమింగలం సైతం ప్రత్యక్షంగానో పరోక్షంగానో ఈ క్రిల్ మీదనే ఆధారపడి బ్రతుకుతున్నాయి.

తీరంలోని ప్రాణులు

దక్షిణ జార్జియాలోని సెయింట్ ఆండ్రూస్ అఖాతం వద్ద రాజ పెంగ్విన్‌ల మహానగరం ఉన్నది. అక్కడ సుమారు లక్షన్నర జంటలు సంతానాన్ని పెంచుతాయని అంచనా. ఈ పక్షి గూడు కట్టదు. ఒకే ఒక గుడ్డును పాదాలపై నిలుపుకొని, పొట్టవద్ద ఉండే చర్మపు మడతతో కప్పి పొదుగుతుంది. పిల్ల స్వతంత్రంగా సముద్రంలోకి దిగడానికి సంవత్సరానికి పైగా పడుతుంది. గోధుమరంగు దట్టమైన నూగుతో కనిపించే ఈ పిల్లలను పూర్వపు నావికులు వేరొక జాతి పక్షులని భ్రమపడినారు.

అదే ఇసుకమీద ఏనుగు సీల్‌లు పడుకొని ఉంటాయి. వీటిలో పెద్ద మగది నాలుగు టన్నుల వరకు తూగుతుంది. కొండవాలుపై గడ్డి దుబ్బుల మధ్య సంచార ఆల్బట్రాస్ గూడు కడుతుంది. దాని రెక్కలు విప్పితే ఆ చివరనుండి ఈ చివరకు మూడు మీటర్లకు మించి ఉంటాయి. ఆ పక్షి పిల్లను పెంచడానికే దాదాపు ఒక సంవత్సరం పడుతుంది గనుక రెండేండ్లకు ఒకమారు మాత్రమే ఒక గుడ్డు పెడుతుంది. ఇంత నెమ్మదిగా వృద్ధిచెందే జాతికి ఏ నష్టం కలిగినా అది తీరడానికి తరాలు పడుతుందని వేరుగా చెప్పనవసరం లేదు. పొడవైన గాలపుత్రాళ్ళతో చేపలు పట్టే నౌకల వెంట ఎరను ఆశించి వెళ్ళి, గాలాలకు చిక్కి, ఈ పక్షులు పెద్దసంఖ్యలో మరణించాయి.

రెండు శతాబ్దాల దోపిడి

1775 జనవరిలో జేమ్స్ కుక్ ఈ ద్వీపంపై అడుగుపెట్టాడు. మంచుతో నిండిన ఆ నేల ఎవరికీ పనికిరాదని అతడు తలచాడు. కాని అక్కడి సీల్‌లను గురించి అతడిచ్చిన వర్ణన వేటగాళ్ళను ఆకర్షించింది. కోటులకు, టోపీలకు ఉపయోగించే చర్మాలకోసం బొచ్చు సీల్‌లను వారు ఊచకోత కోశారు. 1820వ దశకం నాటికి ఒక్క దక్షిణ జార్జియానుండే సుమారు పన్నెండు లక్షల చర్మాలు తరలిపోయినట్లు నావికుడు జేమ్స్ వెడ్డెల్ లెక్కకట్టాడు. ఇరవయ్యవ శతాబ్దారంభానికి ఆ జాతి దాదాపు అంతరించిపోయింది.

సీల్‌ల తరువాత తిమింగలాల వంతు వచ్చింది. 1904లో నార్వే దేశీయుడైన కార్ల్ ఆంటన్ లార్సెన్ గ్రిట్‌వికెన్ అనే చోట తిమింగలాల కర్మాగారాన్ని నెలకొల్పాడు. వాటి కొవ్వునుండి తీసిన నూనె దీపాలకు, సబ్బులకు, కృత్రిమ వెన్నకు ఉపయోగపడింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పేలుడు పదార్థాల తయారీకి కూడా పనికివచ్చింది. 1960వ దశకం మధ్యలో ఈ పరిశ్రమ మూతపడేసరికి ఆ ఒక్క ద్వీపంలోనే 1,75,000కు పైగా తిమింగలాలు హతమయ్యాయి. పరిశ్రమ మూతపడడానికి కారణం కారుణ్యం కాదు. పట్టడానికి తిమింగలాలు మిగలకపోవడమే.

ఈనాటి యాత్రికులు తుప్పుపట్టిన ఆ బాయిలర్లను, నూనె పీపాలను చూస్తారు. సమీపంలోని చిన్న శ్మశానంలో 1922లో మరణించిన అన్వేషకుడు ఎర్నెస్ట్ షాకిల్టన్ సమాధి ఉన్నది. 1916లో ఆయన అయిదుగురు సహచరులతో చిన్న పడవలో సుమారు 1,300 కిలోమీటర్లు ప్రయాణించి ఈ ద్వీపాన్ని చేరి, ఎలిఫెంట్ ద్వీపంలో చిక్కుకొన్న తన మనుషులందరినీ చివరకు కాపాడగలిగాడు.

దిద్దుబాటు

వేట నిలిచిన తరువాత ప్రకృతి కోలుకొన్న తీరు ఆశ్చర్యకరమైనది. 1930 ప్రాంతాలలో బర్డ్ ద్వీపంలో కనిపించిన ఒక చిన్న గుంపునుండి బొచ్చు సీల్‌లు మళ్ళీ లక్షల సంఖ్యకు పెరిగాయి. తిమింగలాలు కోలుకోవడానికి మరింత కాలం పట్టింది. దశాబ్దాలపాటు అరుదుగా తప్ప కనిపించని నీలి తిమింగలాలు, 2020లో శాస్త్రజ్ఞులు జరిపిన సర్వేలో ఆ జలాలలో యాభైకి పైగా కనిపించాయి.

కాని వేటగాళ్ళు విడిచివెళ్ళిన మరొక కీడు తనంతట తాను తొలగిపోలేదు. వారి ఓడలతోపాటు వచ్చిన ఎలుకలు నేలపై గూళ్ళుకట్టే పక్షుల గుడ్లను, పిల్లలను తిని, ప్రపంచంలో మరెక్కడా లేని దక్షిణ జార్జియా పిపిట్ అనే చిన్న పాటపక్షిని తీరప్రాంతాలనుండి పారద్రోలాయి. సముద్రంలోకి దిగే హిమానీనదాలు ద్వీపాన్ని భాగాలుగా విభజిస్తూ ఎలుకలకు అడ్డుగోడలుగా నిలిచాయి. వాతావరణం వేడెక్కి అవి వెనుకకు తగ్గుతున్నకొద్దీ ఎలుకలు మిగిలిన భాగాలకు కూడ వ్యాపించే ప్రమాదం ఏర్పడింది. అందువలన 2011, 2013, 2015 సంవత్సరాలలో హెలికాప్టర్ల ద్వారా విషపు ఎర చల్లారు. నార్వే వేటగాళ్ళు మాంసంకోసం తెచ్చి విడిచిన రెయిన్‌డీర్ జింకలను కూడ తొలగించారు. ద్వీపం ఎలుకలనుండి విముక్తి పొందినట్లు 2018లో ప్రకటించారు. పిపిట్ పాట తీరంలో మళ్ళీ వినిపించసాగింది.

యాత్రికులకు కట్టుబాట్లు

దక్షిణ ధ్రువప్రాంతానికి ప్రకృతి పరిశీలన యాత్రలను ప్రారంభించిన వారిలో ముఖ్యుడు లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్. 1966లో ఆయన మొదటి బృందాన్ని అంటార్కిటికాకు తీసుకొనిపోయాడు. 1969లో ఈ పనికోసమే ప్రత్యేకంగా ఒక నౌకను నిర్మింపజేశాడు. ఆ నౌకయే పలువురి చేతులు మారి, 2007 నవంబరులో మంచుగడ్డను ఢీకొని దక్షిణ షెట్లాండ్ ద్వీపాల వద్ద మునిగిపోయింది. అందులోని 154 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. సహాయం అందడానికి ఎంతో దూరమైన ఆ సముద్రంలో వారు రక్షింపబడడం అదృష్టమనే చెప్పాలి.

1991లో ఏడు సంస్థలు కలిసి అంటార్కిటికా యాత్రా నిర్వాహకుల అంతర్జాతీయ సంఘాన్ని ఏర్పరచుకొన్నాయి. దాని నియమాలు కఠినమైనవి. ఒక చోట ఒకేసారి నూరుమందికి మించి ఒడ్డుకు దిగరాదు. అయిదువందలకు మించి యాత్రికులున్న నౌకనుండి ఎవరినీ దింపరాదు. ప్రాణులకు కనీసం అయిదు మీటర్ల దూరంలో నిలవాలి. పెంగ్విన్ ఎదురైతే మనిషే ప్రక్కకు తొలగి దారి ఇవ్వాలి. ఒడ్డుకు వెళ్ళేముందు బూట్లను క్రిమిసంహారక ద్రవంలో కడుగుకోవాలి. దుస్తుల మడతలలో ఒక్క గడ్డిగింజ కూడ లేకుండ పరీక్షించుకోవాలి. దక్షిణ జార్జియా వద్ద రాత్రివేళ పక్షులు వెలుతురుకు భ్రమసి నౌకను ఢీకొనకుండ కిటికీలకు తెరలు వేస్తారు.

ఇన్ని నియమాలున్నా ప్రశ్న మిగిలే ఉన్నది. 2022–23 వేసవిలో అంటార్కిటికా యాత్రికుల సంఖ్య లక్ష దాటింది. నౌకల పొగలోని మసి మంచుపై పడితే, నల్లబడిన మంచు సూర్యతాపాన్ని ఎక్కువగా గ్రహించి త్వరగా కరుగుతుంది. ఒక్కొక్క యాత్రికుని కారణంగా సుమారు 83 టన్నుల మంచు అదనంగా కరుగుతున్నదని 2022లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. మరొక వైపు, తీవ్రమైన పక్షిజ్వరం 2023లో దక్షిణ జార్జియాను చేరి ఏనుగు సీల్‌లను పెద్దసంఖ్యలో బలిగొన్నది. వ్యాధిని తెచ్చింది వలసపక్షులే అయినా, ఒక తీరంనుండి మరొక తీరానికి దానిని మనుషులు మోయకుండ ఉండడానికి, యాత్రికులు నేలపై కూర్చొనడం, మోకరిల్లడం కూడ నిషేధించారు.

భారతదేశపు బాధ్యత

ఈ దూరదేశపు వృత్తాంతం భారతీయులకు పరాయిది కాదు. డాక్టర్ ఎస్. జడ్. ఖాసిం నాయకత్వాన మొదటి భారతీయ దళం 1981 డిసెంబరులో గోవానుండి బయలుదేరి 1982 జనవరిలో అంటార్కిటికాను చేరింది. 1983లో భారతదేశం అంటార్కిటికా ఒడంబడికలో చేరింది. 1989లో మైత్రి, 2012లో భారతి పరిశోధనా కేంద్రాలు పనిచేయనారంభించాయి. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం భారతి వద్ద నెలకొల్పిన ఉపగ్రహ సంకేత గ్రాహక కేంద్రం, తాను గ్రహించిన సమాచారాన్ని హైదరాబాదు సమీపంలోని షాద్‌నగర్‌కు పంపుతున్నది. తెలుగునేలకూ ధ్రువప్రాంతానికీ మధ్య ఇటువంటి విజ్ఞానబంధం ఉన్నదని విద్యార్థులు గుర్తించాలి. అక్కడి మంచు కరిగితే సముద్రమట్టం పెరిగి, గోదావరి, కృష్ణా డెల్టాలవంటి పల్లపు ప్రాంతాలకు ముప్పు వాటిల్లుతుందన్నది మరొక బంధం.

2022లో పార్లమెంటు భారతీయ అంటార్కిటికా చట్టాన్ని ఆమోదించింది. ఆ చట్టం యాత్రలకు అనుమతిని తప్పనిసరి చేసి, అక్కడి ప్రాణులకు హాని కలిగించడాన్ని నేరంగా ప్రకటించింది. 2024 మే నెలలో ఒడంబడిక దేశాల సమావేశం కొచ్చిలో జరిగినప్పుడు పర్యాటకాన్ని నియంత్రించే విధానం ముఖ్యమైన చర్చనీయాంశాలలో ఒకటి అయినది.

1959 డిసెంబరు 1న పన్నెండు దేశాలు సంతకం చేసిన ఆ ఒడంబడిక ఒక ఖండాన్ని శాంతికి, విజ్ఞానానికి కేటాయించింది. పరస్పరం విరోధించిన దేశాలు సైతం అందులో కలిసి నడుస్తున్నాయి. అయితే ఒడంబడికలు కాగితంపై ఉన్నంతమాత్రాన ప్రాణులకు రక్షణ కలుగదు. కుక్ వర్ణన విన్నవారు దక్షిణ జార్జియాకు చర్మాలకోసం వెళ్ళారు. నేటి యాత్రికుడు చూడడానికి మాత్రమే వెళ్తున్నాడు. ఈ మార్పు సామాన్యమైనది కాదు. కాని చూడడానికి వెళ్ళేవారి సంఖ్యకు కూడ ఒక హద్దు ఉండాలా, ఉంటే దానిని ఎవరు నిర్ణయించాలి అన్న ప్రశ్నకు ప్రపంచదేశాలు ఇంకను సమాధానం వెదకుతూనే ఉన్నాయి. రేపటి పౌరులైన నేటి విద్యార్థులు ఆ సమాధానంలో పాలుపంచుకోవలసినవారే.