ఈ ట్యాప్ ఫైల్ ఏ కంప్యూటర్‌ది?

ప్రశ్న: పాత సీడీలో దొరికిన ‘ట్యాప్’ ఎక్స్‌టెన్షన్ ఫైల్ స్పెక్ట్రమ్ ఎమ్యులేటర్‌లో తెరుచుకోవడం లేదు. పాడైపోయిందంటారా?

జవాబు: అప్పుడే ఆశ వదులుకోకండి. జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ వాళ్లూ, కమడోర్ 64 వాళ్లూ ఆ ఎక్స్‌టెన్షన్‌నే వాడుకున్నారు. లోపలి అమరికకు మాత్రం పొంతనే లేదు. హెక్స్ ఎడిటర్‌లో తెరిచి చూడండి. మొదట్లోనే ‘సీ64-టేప్-రా’ అని ఇంగ్లిష్ అక్షరాలుంటే అది కమడోర్‌దే. క్యాసెట్ మీది పల్సుల నిడివిని అది వరసగా నమోదు చేస్తుంది. స్పెక్ట్రమ్ ఫైల్ సాధారణంగా 13 00 00తో మొదలవుతుంది. తొలి రెండు బైట్లు తర్వాతి బ్లాక్ పొడవు: హెక్స్‌లో 13, అంటే మన లెక్కలో 19 బైట్లు. ఇక పేరెలా ఉన్నా, సైజు సరిగ్గా 1,74,848 బైట్లయితే అది దాదాపుగా కమడోర్ 1541 డిస్క్ ఇమేజే. ఎక్స్‌టెన్షన్‌ను ఎవరైనా మార్చేయగలరు, నేనైతే బైట్లనే నమ్ముతాను.